చావు గురించి సంస్థ ఎప్పుడు మాట్లాడుతుంది?

అందరికీ నమస్కారం.

ఉద్యోగంలో చేరిన మొదటి రోజు చేతికిచ్చే కాగితాల కట్టలో నామినీ ఫారం ఒకటి ఉంటుంది. మీరు పోతే మీకు రావలసిన డబ్బు ఎవరికివ్వాలి, వాళ్ళు మీకేమవుతారు అని అడుగుతుంది. అర నిమిషంలో నింపేస్తాం. పేరు రాసి, సంతకం గీకి, తర్వాతి కాగితం తిప్పుతాం. ఇక అక్కడే ముప్పై ఏళ్ళు పనిచేసినా మన చావు సంగతి సంస్థ మళ్ళీ ఎత్తదు. మనమూ ఎత్తం. అందరం పదకొండు గంటల మీటింగుకి వెళ్ళిపోతాం.

ఆ మౌనం గురించే ఈ రోజు మాట్లాడదామని వచ్చాను. మీలో చాలామంది నలుగురినో నాలుగు వందల మందినో నడిపించేవాళ్ళు కాబట్టి మొహమాటం లేకుండా చెబుతాను. సంస్థలు చావు భయాన్ని కప్పిపెట్టుకోవడానికి గోప్యత అనే తెరను వాడుకుంటాయి. కానీ జబ్బు పడ్డ మనిషికి ఆ తెర నిజంగా అవసరమైనప్పుడు, అది సరిగ్గా అక్కడే చిరిగి ఉంటుంది. నా ఫిర్యాదు ఇదే.

మొదట ఆసుపత్రి సంగతి చూద్దాం. చావును రోజూ చూసే సంస్థ అదే కదా.

1950ల చివర లండన్‌లోని ఒక పెద్ద బోధనాసుపత్రి వాళ్ళు ఇసబెల్ మెంజీస్ అనే మానసిక విశ్లేషకురాలిని పిలిపించారు. వాళ్ళ సమస్య చూడటానికి చాలా మామూలుది. నర్సింగ్ విద్యార్థినులకి డ్యూటీలు వేయడం కుదరడం లేదు. వార్డులకి చేతులు కావాలి, ఆ పిల్లలకి చదువు కావాలి, రెండూ పొసగడం లేదు. ఆమె వెళ్ళి నర్సులతో కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టాక, డ్యూటీ చార్టు వెనకాల ఎంత దిగులు పేరుకుపోయి ఉందో బయటపడింది. చేరినవాళ్ళలో దాదాపు మూడోవంతు శిక్షణ పూర్తి కాకుండానే మానేస్తున్నారు. మానేసేవాళ్ళు పనికిరానివాళ్ళా అంటే, చాలాసార్లు మిగతావాళ్ళకంటే మెరుగైనవాళ్ళే.

1960లో వెలువడిన ఆమె వ్యాసం సంస్థల గురించి ఆలోచించేవాళ్ళందరూ చదవాల్సింది. ఆ ఆసుపత్రిలో ఏ నర్సూ ఏ రోగినీ పూర్తిగా చూసుకోదు. ఒకరు ముప్పై మందికి జ్వరం చూస్తారు, ఇంకొకరు ముప్పై మందికి బెడ్‌పాన్లు పెడతారు. అలా చేస్తే ఎవరితోనూ దగ్గరితనం పెరగదు. రోగికి పేరుండదు. ‘పదో నంబరు మంచంలో లివర్’, ‘పదిహేనో మంచంలో న్యుమోనియా’ అంటారు. ఒక వార్డులో కాస్త అలవాటు పడేలోగా ఇంకో వార్డుకి మార్చేస్తారు. ప్రతి చిన్న నిర్ణయాన్నీ ఒకరు, ఆపైన మరొకరు సరిచూస్తారు. ఏదైనా అయితే తప్పు నాది అనుకోవలసిన అవసరం ఎవరికీ రాకుండా బాధ్యత మెట్లెక్కి పైకి పోతూ ఉంటుంది.

ఇదంతా ఎవరూ కూర్చుని గీసిన ప్లాను కాదు. బాధపడుతున్న మనిషి పక్కన, పోబోతున్న మనిషి పక్కన రోజూ నిలబడాలంటే కలిగే భయాన్ని తట్టుకోవడానికి ఏళ్ళ తరబడి దానంతటదే పేరుకున్న పద్ధతి. విచిత్రమేమిటంటే, అది భయాన్ని తగ్గించలేదు. కాసేపు పక్కకి నెట్టింది, అంతే. దానికి బదులుగా, ఒకరికి మేలు చేశానన్న తృప్తిని, నర్సు కావాలనుకున్నదే దేని కోసమో దాన్ని, లాగేసుకుంది. అందుకే మంచివాళ్ళు ముందు వెళ్ళిపోయారు.

ఆ వార్డు మనకి దూరమేమీ కాదు. మనం ‘రిసోర్స్’ అంటాం, ‘హెడ్‌కౌంట్’ అంటాం. ఒక మనిషి పోయిన వారానికి ‘ఆ పొజిషన్ ఖాళీ అయింది’ అని రాస్తాం. అలా రాసినవాడు రాతిగుండెవాడని నేననను. చాలాసార్లు బాగా ఏడ్చినవాడే ఆ వాక్యం రాస్తాడు. వేరే వాక్యం రాసే వీలు సంస్థ ఇవ్వలేదు మరి.

నిజానికి ఆధునిక సంస్థ పుట్టడంలోనే ఈ లక్షణం ఉంది. ఉద్యోగం వేరు, ఉద్యోగి వేరు. అధికారం కుర్చీది, ఫైలు కార్యాలయానిది అని జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మాక్స్ వెబర్ వంద ఏళ్ళ కిందటే వివరించాడు. దాని వల్ల ఎంత మేలు జరిగిందో తక్కువ చేయకూడదు. ఒక మనిషి పోతే ఊరంతటికీ నీళ్ళు ఆగిపోకుండా ఉండేది అందువల్లే. 1819లో అమెరికా సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ మార్షల్, చట్టం సృష్టించిన సంస్థకి ఉండే ముఖ్య లక్షణాలు చెబుతూ మొదట పేర్కొన్నది అమరత్వాన్నే. జపాన్‌లో ఆలయాలు కట్టే కొంగో గుమి అనే సంస్థ 578లో మొదలై, 2006లో మరో నిర్మాణ కంపెనీలో భాగమయ్యే దాకా 1,400 ఏళ్ళకి పైగా స్వతంత్రంగా నడిచింది. మనుషులు వంద ఏళ్ళు బతకడమే కష్టం. ఇలాంటి దాంట్లో చేరినప్పుడు, పోనిది ఏదో మనది కూడా అయిందన్న ధైర్యం కాస్త కలుగుతుంది. మానవ శాస్త్రవేత్త ఎర్నెస్ట్ బెకర్ జీవితమంతా చుట్టూ తిరిగిన ఆలోచన ఇదే: తనకన్నా పెద్దదానికి అతుక్కుని మనిషి తన చావును మరిచిపోతాడని.

బెకర్ ఆలోచనని పరీక్షించినవాళ్ళున్నారు. 1989లో అచ్చయిన ఒక ప్రయోగంలో, అమెరికాలో 22 మంది మునిసిపల్ జడ్జీలకి ఒక ఊహా కేసు ఇచ్చి బెయిలు మొత్తం నిర్ణయించమన్నారు. వాళ్ళలో సగం మందిని ముందుగా తమ చావు గురించి రెండు ముక్కలు రాయమన్నారు. రాయనివాళ్ళు సగటున 50 డాలర్లు వేశారు, రాసినవాళ్ళు 455 డాలర్లు. చావు గుర్తొస్తే మనిషి తన కట్టుబాట్లను మరింత గట్టిగా పట్టుకుంటాడని వాళ్ళ సిద్ధాంతం. వినడానికి గొప్పగా ఉంటుంది, అందుకే ఇలాంటి సభల్లో అందరూ చెబుతారు. అయితే 1994లో అదే బృందం చేసిన మరో ప్రయోగాన్ని ఈ మధ్య 20కి పైగా ప్రయోగశాలలు కలిసి మళ్ళీ చేసి చూస్తే, చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు. కాబట్టి ఆ 455 మీద నేనేమీ కట్టను. వార్డులో కూర్చుని చూసిన మెంజీస్ మీదే నాకు ఎక్కువ గురి.

ఇప్పుడు గోప్యత విషయానికొస్తాను.

1961లో షికాగోలోని ఒక ఆసుపత్రిలో 219 మంది డాక్టర్లని అడిగారు: క్యాన్సర్ అని తేలితే రోగికి చెబుతారా అని. దాదాపు 90 శాతం మంది చెప్పకపోవడమే తమ అలవాటన్నారు. 1979లో మరోచోట దాదాపు అవే ప్రశ్నలు అడిగితే 97 శాతం మంది చెబుతామన్నారు. పద్దెనిమిదేళ్ళలో తలకిందులైంది. వైద్యం మెరుగుపడింది, రోగి అనుమతి గురించి కోర్టులు గట్టిగా మాట్లాడాయి, పోబోతున్న రోగుల్ని చూసుకోవడానికి 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ మొదలుపెట్టిన హాస్పిస్ లాంటివి చివరి రోజుల గురించి మాట్లాడే పద్ధతిని మార్చాయి. అవన్నీ సరే. నన్ను పట్టుకున్నది 1961 నాటి లెక్క. ఆ రోజుల్లో డాక్టరుకి తెలుసు, నర్సుకి తెలుసు, చాలాసార్లు బయట వరండాలో నిలబడ్డ కొడుక్కీ అల్లుడికీ తెలుసు. మంచం మీదున్నవాడికి తప్ప అందరికీ తెలుసు. ఆ రహస్యం ఎవరిదో ఆలోచించండి. ఒంట్లో జబ్బున్నవాడికి చెప్పకుండా మిగతావాళ్ళు పంచుకున్నదాన్ని గోప్యత అనలేం.

అదే కాలంలో గ్లేజర్, స్ట్రాస్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు ఆసుపత్రుల్లో తిరిగి, చావు గురించి ఎవరికి ఏం తెలుసు, తెలిసినట్టు ఎవరికి తెలుసు అని గమనించారు. వాళ్ళు వర్ణించినవాటిలో ఒకటి మన ఇళ్ళలో, ఆఫీసుల్లో ఎక్కువగా కనిపిస్తుంది. రోగికీ తెలుసు, చూడటానికి వచ్చినవాళ్ళకీ తెలుసు, కానీ ఇద్దరూ తెలియనట్టు నటిస్తారు. ‘వచ్చే నెలకల్లా లేచి తిరుగుతారు’ అని వీళ్ళంటారు, ‘ఆ రిపోర్టు నేనే పూర్తిచేస్తాలే’ అని అవతలివాళ్ళంటారు. ఇందులో ప్రేమ ఉంది, నేను కాదనను. చావు కబురు చల్లగా చెప్పడం అందరికీ చేతకాదు. కానీ నటన మొదలయ్యాక అసలు మాట చెప్పుకునే దారి ఇద్దరికీ మూసుకుపోతుంది. చెప్పుకోవలసినవి, తేల్చుకోవలసినవి అలాగే ఉండిపోతాయి.

పై స్థాయిలో ఈ నటన ఖరీదు మరీ ఎక్కువ. 1919 అక్టోబరు 2న అమెరికా అధ్యక్షుడు వుడ్రో విల్సన్‌కి తీవ్రమైన పక్షవాతం వచ్చింది. 1921 మార్చి దాకా ఆయనే అధ్యక్షుడు. ఆయన భార్య, డాక్టరు కలిసి విషయం ఎంత తీవ్రమో బయటకి పొక్కనివ్వలేదు. ఏ కాగితం ఆయన ముందుకు వెళ్ళాలో భార్యే తేల్చేది. అధ్యక్షుడు పనిచేయలేని స్థితిలో ఉంటే ఏం చేయాలన్నది రాజ్యాంగ సవరణగా స్పష్టంగా రాసుకోవడానికి ఆ దేశానికి 1967 దాకా పట్టింది.

ఫ్రాన్స్‌ది ఇంకా మెలిక ఉన్న కథ. ఫ్రాంస్వా మిత్తరాన్ 1981లో అధ్యక్షుడయ్యాడు, తన ఆరోగ్యం గురించి క్రమం తప్పకుండా ప్రజలకి చెబుతానని మాటిచ్చాడు. ఆ ఏడాది చివరికే ఆయనకి క్యాన్సర్ అని తేలింది. పదేళ్ళకి పైగా ఆరోగ్య ప్రకటనలు వస్తూనే ఉన్నాయి, క్యాన్సర్ మాట మాత్రం రాలేదు. 1992లో ఆపరేషన్ తర్వాత గానీ జనానికి తెలియలేదు. 1996 జనవరి 8న ఆయన పోయాడు. పది రోజులు గడవకముందే, ఆ ప్రకటనలు రాసిన డాక్టరే అసలు సంగతంతా పుస్తకంగా వేశాడు. మర్నాడే కోర్టు ఆపేసింది. వృత్తి రహస్యం బయటపెట్టినందుకు ఆ డాక్టరుకి నాలుగు నెలల జైలుశిక్ష పడింది, అమలు నిలిపివేశారు.

వ్యవహారం ఐరోపా మానవ హక్కుల కోర్టు దాకా వెళ్ళింది. 2004లో ఆ కోర్టు ఇచ్చిన తీర్పు నాకు చాలా నచ్చింది. మనిషి పోయిన కొద్ది రోజులకే, కుటుంబం ఇంకా దుఃఖంలో ఉండగా పుస్తకాన్ని తాత్కాలికంగా ఆపడం తప్పు కాదంది. నెలలు గడిచాక కూడా శాశ్వతంగా నిషేధించడం మాత్రం తప్పంది. కాలం గడిచేకొద్దీ కుటుంబం బాధ బరువు తగ్గుతుంది, దేశాన్ని నడిపినవాడి ఆరోగ్యం గురించి తెలుసుకోవాలన్న జనం హక్కు బరువు పెరుగుతుంది. గోప్యతని ఉంది, లేదు అని రెండు ముక్కలుగా కాకుండా, రోజులతో పాటు మారేదిగా చూసిన తీర్పు అది.

కంపెనీల్లో అందరికీ గుర్తొచ్చే పేరు ఆపిల్ అధిపతి స్టీవ్ జాబ్స్. 2009 జనవరి మొదట్లో బరువు తగ్గడానికి హార్మోన్ల తేడా కారణమని ప్రకటన ఇచ్చాడు. పది రోజులు తిరక్కముందే సమస్య అనుకున్నదానికంటే జటిలమని చెప్పి సెలవు మీద వెళ్ళాడు. ఆ సెలవులో కాలేయ మార్పిడి జరిగిందని తర్వాత బయటికొచ్చింది. వాటాదారులకి అంతా చెప్పాల్సిందని కొందరు, అది ఆయన ఒళ్ళు, ఆయన ఇష్టమని కొందరు. నేను మధ్యలో నిలబడతాను. జబ్బు పేరు ఎవరికీ చెప్పనక్కర్లేదు, కానీ చెప్పిన మాట తప్పుదారి పట్టించకూడదు. ‘నేను ఆరు నెలలు ఉండను, ఈ పనులు ఫలానా ఆయన చూస్తారు’ అంటే చాలు. వాటాదారుడికి కావలసింది అదే. మిగతాదంతా కుతూహలం.

ఈ సూత్రాన్ని కింది ఉద్యోగికి వర్తింపజేసి చూడండి, మన గుట్టు బయటపడుతుంది. పైవాడి జబ్బు రాజరహస్యం. గుమాస్తా నాలుగు రోజులు సెలవు పెడితే ‘ఏం జబ్బు, ఏ డాక్టరు, చీటీ ఏది’ అంటాం. చీటీ తెస్తే అది ముగ్గురి టేబుళ్ళ మీద తిరుగుతుంది. సాయంత్రానికి క్యాంటీన్‌లో దాని మీద చర్చ. పైన చెప్పిన తెర చిరిగేది ఇక్కడే.

అడగాల్సిన ప్రశ్న వేరే ఉంది. ఇప్పుడు ఏ పనులు చేయగలరు, ఏవి వద్దు, ఎంతకాలం, మీ బదులు ఎవరు? సిబ్బంది వ్యవహారాలు చూసినన్నాళ్ళూ నాకు ఈ నాలుగూ సరిపోయాయి. జబ్బు పేరు తెలుసుకుని నేను చేయగలిగిన మంచి పని ఒక్కటీ గుర్తు రావడం లేదు.

పెద్ద జబ్బు వచ్చిన మనిషి ఆఫీసులో ఎందుకు దాస్తాడు? చావంటే భయంతోనే అనుకుంటాం. నేను చూసినంతలో అంతకన్నా దగ్గరి భయం ఒకటుంది: బతికుండగానే లెక్కలోంచి తీసేస్తారేమోనని. డేవిడ్ సడ్నో 1960లలో రెండు అమెరికన్ ఆసుపత్రుల్ని పరిశీలించి, ఇంకా ఊపిరున్న మనిషిని సిబ్బంది అప్పుడే పోయినట్టు చూడటాన్ని గమనించాడు, దానికి సామాజిక మరణం అని పేరు పెట్టాడు. ఆఫీసులో అది చాలా మర్యాదగా జరుగుతుంది. ‘ఆయనకెందుకు టెన్షన్’ అని మెయిళ్ళలోంచి పేరు తీసేస్తారు. వచ్చే ఏడాది ప్లానులో ఆయన ఉండడు. అడిగితే ‘మీరు రెస్టు తీసుకోండి సార్’. చేయగలనన్న పని చేయనివ్వడం చాలామందికి మందు లాంటిదని ఈ జాలిపడే బృందానికి ఎలా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలియదు. ఒక మార్గం మాత్రం పనిచేసింది: తీసేసే ముందు ఆ మనిషినే అడగడం.

బీమా గురించి ఒక్క మాట చెప్పి ముందుకు పోతాను. చావు భయాన్ని లెక్కగా మార్చి నెలవారీ వాయిదాగా వసూలు చేసే సంస్థ అది. నేను దాన్ని వెక్కిరించడం లేదు. ఎంతమంది పిల్లల చదువులు దాని మీద నిలబడ్డాయో మనకి తెలుసు. కానీ ఆ ధైర్యానికి మనం కట్టేది డబ్బొక్కటే కాదు, ఒంటి రహస్యాలు కూడా. అమెరికా 2008లో జన్యు సమాచారం ఆధారంగా వివక్ష చూపకూడదని చట్టం చేసింది. అది ఉద్యోగానికీ ఆరోగ్య బీమాకీ వర్తిస్తుంది, జీవిత బీమాకి వర్తించదు. భయం ఎక్కువున్నచోటే తలుపు తీసి ఉంచారు.

ఇక సంస్థ తన చావు గురించి ఏం చేస్తుంది? కెనడాలో క్వాడ్రిగా అనే క్రిప్టో మారకపు సంస్థ ఉండేది. 2018 డిసెంబరులో దాని స్థాపకుడు హఠాత్తుగా చనిపోయాడు. డబ్బు తాళాలన్నీ ఆయన ఒక్కడికే తెలుసని, ఆయనతోనే పోయాయని మొదట చెప్పారు. 2020లో అక్కడి నియంత్రణ సంస్థ విచారణ ముగించి తేల్చిందేమిటంటే, ఖాతాదారుల డబ్బులో చాలాభాగం ఆయన బతికుండగానే మోసంతో పోయింది. వాళ్ళ నష్టం కనీసం 169 మిలియన్ కెనడియన్ డాలర్లు. అందరూ పాస్‌వర్డుల పాఠంగా చెప్పుకునే కథ ఇది. నాకు కనిపించే పాఠం వేరు. ఒక్క మనిషి చేతిలో అన్నీ ఉండి, ‘ఆయన లేకపోతే ఎలా’ అని అడగడం అమర్యాదగా అనిపించేచోట, మోసం దాక్కోవడం చాలా తేలిక. ఆ ప్రశ్న అశుభమని నోరు మూసుకోబట్టే తాళాలు ఇంకెవరికీ లేవు, లెక్కలు చూసినవాళ్ళూ లేరు.

కాబట్టి ఏటా ఒక రోజు, ప్రతి ముఖ్యమైన కుర్చీకీ అడగండి: రేపు ఈ మనిషి రాకపోతే ఏది ఆగిపోతుంది? మీ కుర్చీతోనే మొదలుపెట్టండి. పెద్దాయన తన గురించి ముందు మాట్లాడితే మిగతావాళ్ళకి అది బడ్జెట్ లాంటి మామూలు విషయమైపోతుంది. మాట్లాడకపోతే, ‘నన్ను తీసేయడానికి చూస్తున్నారా’ అన్న అనుమానం ప్రతివాడికీ వస్తుంది. అది అన్యాయమైన అనుమానమూ కాదు.

చివరిగా, మనిషి పోయాక. వైద్యులు 1948లో రాసుకున్న జెనీవా ప్రతిజ్ఞలో రోగి రహస్యాలు కాపాడతామని ఉంది. రోగి చనిపోయాక కూడా అన్న మాటలు తర్వాత చేర్చారు. అమెరికా నిబంధనల ప్రకారం వైద్య వివరాలకి చనిపోయిన తర్వాత 50 ఏళ్ళు రక్షణ ఉంటుంది. ఐరోపాలో 2018లో అమల్లోకి వచ్చిన సమాచార రక్షణ చట్టం మాత్రం చనిపోయినవాళ్ళకి వర్తించదు, కావాలంటే ఒక్కో దేశం తన నియమాలు చేసుకోవచ్చంటుంది. అదే ఏడాది జర్మనీ అత్యున్నత న్యాయస్థానం, చనిపోయిన ఒక అమ్మాయి ఫేస్‌బుక్ ఖాతా తల్లిదండ్రులకి వారసత్వంగా వస్తుందని తీర్పిచ్చింది. ఉత్తరాలు, డైరీలు వారసులకి వచ్చినట్టే ఇవీ అంది. బిడ్డ ఎలా పోయిందో తెలుసుకోవాలని తపించిన ఆ తల్లిదండ్రుల బాధ అర్థమవుతుంది. అదే ఖాతాలో తన రహస్యాలు చెప్పుకున్న స్నేహితురాలి గురించి కూడా నేను ఆలోచిస్తాను. ఆమె బతికే ఉంది కదా.

గూగుల్ 2013లో, ఫేస్‌బుక్ 2015లో, ఆపిల్ 2021లో, మనం పోయాక మన ఖాతా సంగతి చూసేందుకు ముందుగా ఒకరిని ఎంచుకునే ఏర్పాటు పెట్టాయి. ఆఫీసుల్లో మాత్రం ఇంకా పాత పద్ధతే. ఒకరు పోయారు, వాళ్ళ మెయిల్లో ముఖ్యమైన ఒప్పందం ఉంది, ఐటీవాళ్ళకి చెప్పి తెరిపిస్తారు. ఒప్పందంతో పాటు మంజూరు కాని జీతం అడ్వాన్సు, డాక్టరుకి రాసిన ప్రశ్నలు, ఎవరికో రాసి పంపని క్షమాపణ అన్నీ కనిపిస్తాయి. చూసినవాడు చెడ్డవాడు కానక్కర్లేదు, చూశాక మాత్రం చూడనట్టు ఉండలేడు.

దీనికి పరిష్కారం పెద్దదేమీ కాదు. నామినీ ఫారం పక్కనే ఇంకో అర పేజీ పెట్టండి. నా ఆఫీసు మెయిలు, ఫైళ్ళు, డెస్కు సొరుగు ఎవరు తెరవాలి, ఎవరి సమక్షంలో తెరవాలి, సొంత ఫోల్డరులో ఉన్నవి ఇంటికివ్వాలా, చదవకుండా చెరిపేయాలా. నేను జబ్బుపడితే సహోద్యోగులకి ఎవరు చెప్పాలి, ఎంతవరకు చెప్పాలి. పోతే ప్రకటనలో కారణం రాయాలా వద్దా. సంస్థ పనికి సంబంధించినవి సంస్థవే, వాటి మీద బేరం లేదని కూడా అందులోనే రాయండి. కవరు మూసి, తెరిచే హక్కు ఒక్కరికి కాకుండా ఇద్దరికి కలిపి ఇవ్వండి. మనుషుల ఇష్టాలు, ఇళ్ళ సంగతులు మారుతుంటాయి గనక, ఎప్పుడైనా కారణం చెప్పకుండా వెనక్కి తీసుకుని మరొకటి రాసిచ్చే వీలు ఉంచండి.